ఒంటికాలి మీద అరటన్ను

ఐస్‌లాండ్ పడమటి తీరంలో, స్నైఫెల్స్‌నెస్ ద్వీపకల్పం అంచున, నల్లటి గులకరాళ్ల ఒడ్డు మీద నాలుగు గుండ్రాళ్లు పడి ఉంటాయి. ఒకటి 23 కిలోలు, ఒకటి 54, ఒకటి 100, పెద్దది 154. పక్కనున్న ద్రిత్విక్ రేవు నుంచి చేపల వేటకు పోయే పడవల్లో పని అడిగేవాళ్లు ఒకప్పుడు ఈ రాళ్ల దగ్గర బలం చూపించాల్సి వచ్చేది. 54 కిలోల రాయిని నడుమెత్తు బండ మీదికి చేర్చలేనివాడికి పడవలో చోటు లేదు. అంతటితో పరీక్ష అయిపోయేది.

ఆ దేశంలోనే, సముద్రానికి దూరంగా, హుసాఫెల్‌లో ఇంకో రాయి ఉంది. పలకలాగా, మూడు మూలలుగా ఉంటుంది. బరువు 186 కిలోలు. 18వ శతాబ్దంలో అక్కడ చర్చి గురువుగా ఉన్న స్నోర్రి బ్యోర్న్‌సన్ దాన్ని దొడ్డికి తలుపు బండగా వాడేవాడనీ, ఆయన కూతురు గుడ్నీ ఆ బండను ఎత్తుకుని దొడ్డి చుట్టూ తిరిగి వచ్చిందనీ స్థానికులు చెప్పుకుంటారు. కూతురి కథ ఎంతవరకు నిజమో పక్కన పెడదాం. ఆ కథతో పాటు పుట్టిన కొలబద్దే మనకు ముఖ్యం. ఈ రాయిని నేల మీంచి లేపినవాడికి దక్కేది సగం పేరే. రొమ్ముకు హత్తుకుని దొడ్డి చుట్టూ నడిచి వస్తేనే అతను పూర్తి బలశాలి.

మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పండగలకు సంగిడి రాళ్లెత్తే పోటీలు జరుగుతాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవాడని మన పెద్దలు గర్వంగా చెప్పేవాళ్లు. ద్రిత్విక్ రాళ్లలాగే ఇవన్నీ ఉన్నచోట చూపించే బలాలు. రెండు పాదాలు నేల మీద ఉంటాయి, లేదా వీపు నేలకు ఆని ఉంటుంది. హుసాఫెల్ రాయి అడిగేది వేరు. బరువుతో పాటు కదలమంటుంది. మనిషి కదలాలంటే ఒక కాలు నేల విడవాలి. ఇవాళ్టి స్ట్రాంగ్‌మ్యాన్ పోటీల్లో బరువు మోత అంశాలన్నీ ఈ ఒక్క ఇబ్బంది చుట్టూ కట్టినవే. వాటికి రాసిన నియమాలను శ్రద్ధగా చదివితే ఒక సంగతి తేటపడుతుంది. ఒక్కో నియమం పోటీదారు శరీరంలో ఏ భాగం ముందుగా చేతులెత్తేయాలో నిర్ణయిస్తుంది.

ముందు సామాను చూద్దాం. యోక్ అంటే రెండు నిలువు స్తంభాలు, వాటిని కలుపుతూ భుజాల ఎత్తులో ఒక అడ్డకమ్మీ, అడుగున ఇనుప ప్లేట్లు. పోటీదారు కమ్మీ కింద దూరి, మెడ వెనక భుజాల మీద దాన్ని ఆనించుకుని, ఈల వినబడగానే లేచి నడవాలి. పెద్ద పోటీల్లో దాని బరువు 400 కిలోలు దాటడం మామూలే. ఫార్మర్స్ వాక్‌లో పొడవాటి పిడి ఉన్న బరువులు చెరో చేతిలో ఉంటాయి. ఒక్కొక్కటి క్వింటాన్నర దాకా తూగొచ్చు. ఈ రెండింటిలో సాధారణంగా దూరం ఇరవై మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, గడువు ఒక నిమిషమో కాస్త ఎక్కువో. గీత దాటినవాళ్లకు కాలాన్ని బట్టి వరస కడతారు. దాటలేనివాళ్లు ఎంత దూరం పోయారో టేపుతో సెంటీమీటర్లలో కొలిచి, వాళ్లను తర్వాతి స్థానాల్లో పెడతారు. పదిమంది పోటీ పడితే మొదటివాడికి పది పాయింట్లు, చివరివాడికి ఒకటి. దారి మధ్యలో బరువు దించి మళ్లీ ఎత్తుకోవచ్చా, ఎన్నిసార్లు దించవచ్చు అన్నది పోటీని బట్టి మారుతుంది. దించినా గడియారం మాత్రం ఆగదు. హుసాఫెల్ రాయి నమూనాతో పెట్టే పోటీలో ఎక్కువగా గీత ఉండదు. ఎంత దూరం మోస్తే అంత. రాయి జారిన చోటే ఆట ముగుస్తుంది.

ఇక ఒంటికాలి సంగతి. మామూలు నడకలో కూడా మనం ఎక్కువసేపు ఒంటికాలి మీదే ఉంటాం. రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకి ఉండేది నడకలో దాదాపు అయిదో వంతు సమయమే. మిగతా నాలుగు వంతులూ మన మొండెం, తల, చేతులు, గాల్లో ఉన్న కాలు కలిసి ఒక తుంటి కీలు మీద నిలబడతాయి. ఆ కీలు శరీరం నడిమధ్య లేదు, పక్కకు ఉంది. బరువు మధ్యలో, ఆసరా పక్కన. కాబట్టి గాల్లో ఉన్న కాలి వైపుకు కటి కిందికి వాలిపోవాలి. వాలకుండా పట్టి ఉంచేది నేల మీదున్న కాలి వైపు తుంటికి బయట అంచున ఉండే గ్లూటియస్ మీడియస్ అనే కండరం. పిరుదు పెద్ద కండరం అందరికీ తెలుసు. ఇది దాని పైన, పక్కగా ఉంటుంది. చూపుకు ఆనదు. మనం నిటారుగా నడుస్తున్నామంటే దాని చలవే.

లెక్క వేసి చూస్తే దాని కష్టం తెలుస్తుంది. కీలు నుంచి బరువు పడే గీతకు దూరం సుమారు 10 సెంటీమీటర్లు. అదే కీలు నుంచి ఈ కండరం లాగే గీతకు దూరం అందులో సగం, సుమారు 5 సెంటీమీటర్లు. కండరానికి దక్కిన మీట పొట్టిది కాబట్టి అది బరువుకు రెట్టింపు లాగాలి. 60 కిలోల మనిషికి, నేల మీదున్న కాలిని తీసేస్తే, కీలు మోసేది 50 కిలోలు, కండరం లాగాల్సింది 100 కిలోల బరువంత. రోజుకు కొన్ని వేల అడుగులు ఈ పని మనకు తెలియకుండానే జరిగిపోతోంది. ఇప్పుడు 150 కిలోల మల్లుడు 400 కిలోల యోక్ ఎత్తుకున్నాడనుకుందాం. ఒక కాలి బరువు తీసేసినా కీలు మీద 525 కిలోలు. కండరం లాగాల్సింది వెయ్యి కిలోల పైన. అంత లాగే గ్లూటియస్ మీడియస్ ఎవరికీ లేదు.

మరి వాళ్లు నడుస్తున్నారుగా, ఎలా? కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద జీవితమంతా పనిచేసిన స్టూవర్ట్ మెక్‌గిల్, తన సహచరులతో కలిసి 2009లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. స్ట్రాంగ్‌మ్యాన్ పోటీదారులకు కండరాల విద్యుత్తును పసిగట్టే ఎలక్ట్రోడ్లు అంటించి యోక్, ఫార్మర్స్ వాక్, టైరు తిప్పడం లాంటివి చేయించారు. తుంటిని పక్కకు లాగే బలం ఒక్కొక్కరికి ఎంతుందో విడిగా కొలిచి, నడకకు ఎంత కావాలో లెక్కగట్టి పోల్చారు. కావలసింది ఉన్నదానికంటే ఎక్కువ! తుంటి కండరాలు ఒక్కటే అయితే ఆ నడక సాధ్యపడేది కాదు. లోటు పూడ్చింది నడుము. చివరి పక్కటెముకకూ కటి ఎముకకూ మధ్య, వెన్నుకు ఇరుపక్కలా ఉండే క్వాడ్రేటస్ లంబోరం అనే కండరం గాల్లో ఉన్న కాలి వైపు కటిని పైకి లాగి పట్టుకుంటోంది. అంటే బరువు మోత పోటీల్లో నడుముకు ముందుకు వంగకుండా నిలవడమే పని కాదు, నడకలో కొంత భారం కూడా దానిదే. నేల మీంచి బరువెత్తే డెడ్‌లిఫ్ట్‌లో రికార్డులున్న మనిషి యోక్ కింద అయిదారు అడుగులకే అల్లాడిపోవడం చాలా పోటీల్లో కనిపిస్తుంది. రెండు కాళ్ల మీద నిలబడి చేసిన సాధనలో ఈ కండరాలకు ఇంత పరీక్ష ఎన్నడూ ఎదురవదు.

రెండో ఉపాయం నడక తీరులో ఉంది. అడుగు పడిన కాలి వైపుకు మొండెం నాలుగు సెంటీమీటర్లు జరిగితే బరువు మీట పది నుంచి ఆరుకు తగ్గుతుంది. లాగాల్సిన బలం వెయ్యి కిలోల నుంచి 630కి దిగుతుంది. అందుకే యోక్ మోసేవాళ్లు అటూ ఇటూ తూలుతున్నట్టు కనిపిస్తారు. అడుగులు దగ్గరగా, ఒకే గీత మీద నడుస్తున్నట్టు వేస్తారు. కాళ్లు ఎడంగా పెట్టి నడిస్తే స్థిరంగా ఉంటుందని కొత్తవాళ్లు అనుకుంటారు. ఎడం పెరిగిన కొద్దీ ప్రతి అడుగుకీ అరటన్నును పక్కకు జరపాల్సిన దూరం పెరుగుతుంది.

అడుగు పొడవుకూ ఒక హద్దుంది. హద్దు విధించేది యోక్ ఆకారం. ప్లేట్లు అడుగున ఉన్నాయి కాబట్టి మొత్తం ఫ్రేమ్ బరువు కేంద్రం భుజాల కంటే చాలా కిందికి ఉంటుంది. భుజాల మీది కమ్మీ ఇరుసుగా అది ముందుకూ వెనక్కీ ఊగే లోలకం అవుతుంది. కేంద్రం 90 సెంటీమీటర్లు కిందికి ఉందనుకుంటే ఒక పూర్తి ఊపుకు 1.9 సెకన్లు పడుతుంది. సెకనుకు రెండు మూడు పొట్టి అడుగులు వేస్తే, ఒక్కో అడుగు ఇచ్చే కుదుపు ఊపు అందుకునేలోపే ముగిసిపోయి, ఫ్రేమ్ దాదాపు నిశ్చలంగా ఉండిపోతుంది. అడుగు సాగదీసి నిదానంగా వేస్తే కుదుపుల లయ ఫ్రేమ్ సొంత లయకు దగ్గరవుతుంది. ఊపు పెరుగుతుంది. స్తంభం అడుగు నేలకు గీసుకుంటుంది. అంత బరువు ఒక్కసారిగా ఆగితే భుజాలు ముందుకు, కమ్మీ వెనక్కి. ఈల వినగానే ముందుకు దూకినవాడి యోక్ మొదటి రెండు మీటర్లలోనే ఊగడం మొదలవుతుంది. ఆ ఊపును తర్వాత అదుపు చేయడం కంటే ఆగి, దించి, మళ్లీ లేవడమే మేలు. గాభరాపడ్డ పోటీదారు మాత్రం ఆ పని చేయడు.

కావడి మోసిన మన తాతలకు ఈ విద్య ఇంకో దారిలో తెలుసు. వెదురు కావడి బద్ద వంగి లేస్తూ అడుగుల కుదుపును తాను మింగుతుంది. అమెరికా పరిశోధకుడు రోజర్ క్రామ్ 1991లో వంగే గడలతో బరువులు మోయించి కొలిచి చూశాడు. మనిషి ఖర్చు చేసే శక్తి తగ్గలేదు. భుజం మీద పడే గరిష్ఠ ఒత్తిడి మాత్రం బాగా తగ్గింది. రోజంతా నీళ్లు మోసేవాడికి కావలసింది ఆ దయే. యోక్ తయారుచేసినవాళ్లు ఆ దయను తీసేశారు. ఉక్కు వంగదు కాబట్టి కుదుపంతా వెన్నుపూసల మీదికే వస్తుంది. మెక్‌గిల్ కొలిచిన మోతల్లో నడుము వెన్నుపూసల మీద అన్నిటికంటే ఎక్కువ నొక్కుడు పడింది యోక్‌లోనే.

ఫార్మర్స్ వాక్‌లో లోలకాలు రెండు, వాటిని పట్టుకున్నవి వేళ్లు. ఇక్కడ ఎక్కువ పోటీల్లో ఉండే ఒకే ఒక నియమం అంతా మార్చేస్తుంది: మణికట్టుకు చుట్టుకునే స్ట్రాప్‌లు వాడకూడదు. వాడనిస్తే ఇది కాళ్ల పోటీ. వాడనివ్వకపోతే ముంజేతి పోటీ. వేళ్లను ముడిచే కండరాలు ముంజేతిలో ఉంటాయి. కండరం తన గరిష్ఠ బలంలో సగానికి మించి బిగుసుకుని అలాగే ఉండిపోతే, ఆ బిగువే దానిలోని రక్తనాళాలను నొక్కేస్తుంది. కొత్త రక్తం రాదు, పుట్టిన ఆమ్లం పోదు. సగం బలంతో పట్టిన పట్టు కూడా ఒక నిమిషానికి అటూ ఇటుగా సడలిపోతుంది. క్వింటాన్నర బరువైతే ఎంతటివాడికైనా అది సగం కంటే బాగా ఎక్కువే. పైగా అడుగు పడిన ప్రతిసారీ బరువు ఎగిరి దిగుతుంది కాబట్టి వేళ్లకు తగిలేది ఇంకా ఎక్కువ. అందుకే ఫార్మర్స్ వాక్‌లో వేగంగా పరుగెత్తడం తొందరపాటు అనిపించుకోదు. పట్టు అయిపోయేలోపు గీత చేరుకోవడమే అక్కడి తెలివి. కొన్ని పోటీల్లో సగం దారిలో వెనక్కి తిరిగి రమ్మంటారు. చివరల్లో బరువున్న పొడవాటి సామాను కదా, తిరిగేటప్పుడు మనిషి తిరిగినా చేతుల్లోవి పాత దిక్కుకే పోతుంటాయి. పట్టు జారేది ఎక్కువగా ఆ మలుపులోనే.

ఈ కోవలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది స్కాట్లాండ్‌లోని డిన్నీ రాళ్ల జంట. పోటార్క్ వంతెన మరమ్మతులకు వాడిన ఈ రెండు రాళ్లకూ ఇనుప కడియాలున్నాయి. ఒకటి సుమారు 188 కిలోలు, రెండోది 144. 1860లో డొనాల్డ్ డిన్నీ అనే మల్లుడు రెండింటినీ చెరో చేత్తో పట్టుకుని ఆ వంతెన వెడల్పు, అంటే అయిదు మీటర్ల పైచిలుకు, మోసుకుపోయాడని చెబుతారు. మొత్తం బరువు ఒక ఎత్తు, రెండింటి మధ్య ఉన్న 44 కిలోల తేడా ఇంకో ఎత్తు. తేలిక రాయి వైపు నడుము ప్రతి అడుగుకీ ఆ తేడాను లాగి పట్టుకోవాలి. నేటి పోటీల సామాను రెండు చేతులకూ సమానంగా ఉంటుంది. న్యాయంగా ఉండాలంటే అలాగే ఉండాలి. కానీ అసమానపు బరువు నడుము పక్క కండరాలను పరీక్షించినంతగా సమానపు బరువు పరీక్షించలేదని నా అభిప్రాయం.

మళ్లీ హుసాఫెల్‌కు వద్దాం. ఆ రాయి బరువు యోక్‌లో సగం కూడా లేదు. అయినా దాన్ని వదిలేసినవాళ్ల ముఖాలు యోక్ దించినవాళ్ల ముఖాలకంటే నీలంగా ఉంటాయి. బరువు ముందుంది. 160 కిలోల మనిషి బరువు కేంద్రానికీ 186 కిలోల రాయి కేంద్రానికీ మధ్య 35 సెంటీమీటర్ల ఎడం ఉందనుకుంటే, రెండింటి ఉమ్మడి కేంద్రం మనిషికి 19 సెంటీమీటర్లు ముందుకు పడుతుంది. అది పాదాల మీదికి రావాలంటే అతను అంత మేరా వెనక్కి వాలాలి. వెనక్కి వాలి, పొట్ట మీద రాయి ఆనించుకుని, రెండు చేతులూ దాని చుట్టూ బిగించి నడవాలి. చేతులు బిగిస్తే పక్కటెముకలు విచ్చుకోవు. రాయి పొట్టను నొక్కితే డయాఫ్రం కిందికి దిగదు. శ్వాసకు ఉన్న రెండు దారులూ మూసుకుపోయినట్టే.

శ్వాసకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. బరువెత్తేవాడు ఊపిరి బిగబట్టేది ఊరికే కాదు. ఊపిరితిత్తుల్లో, పొట్టలో పెరిగిన ఒత్తిడి వెన్నెముకకు ముందు నుంచి దన్ను ఇస్తుంది. నడుముకు కట్టుకునే తోలు బెల్టు చేసే పని, పొట్ట గోడకు ఎదురు నిలిచి ఆ ఒత్తిడిని పెంచడమే. దీనికి చెల్లించే మూల్యం రక్తపోటు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మెక్‌డూగల్ బృందం 1985లో బాడీబిల్డర్ల ధమనిలోకే సన్నటి గొట్టం పెట్టి, కాళ్లతో బరువు నెట్టేటప్పుడు రక్తపోటు కొలిచింది. సగటున 320/250. ఒకరిలో 480/350 దాటింది. అది కొన్ని సెకన్ల పని. ఒక్కసారి ఎత్తేవాడు బిగబట్టి, ఎత్తి, వదిలేస్తాడు. మోసేవాడు నిమిషం పాటు బిగబట్టలేడు. అలాగని పూర్తిగా వదల్లేడు కూడా, వదిలితే వెన్నుకు దన్ను పోతుంది. గుక్కగుక్కగా, పొట్ట బిగువు సడలకుండా, గొంతులోంచి కొంచెం కొంచెం గాలి మార్చుకోవాలి. పది సెకన్ల తర్వాత కండరాల్లో ముందే నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ చాలావరకు ఖర్చయిపోతుంది. అక్కడి నుంచి చక్కెరను కాల్చుకుంటూ పోవాలి. దాంతో గాలి ఆకలి పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే గాలి దొరకదు. గడువూ గీతా లేకపోవడంలోని కాఠిన్యం ఇదే. ఇరవై మీటర్ల గీత ఉంటే హుసాఫెల్ రాయి చేతుల పోటీ అయ్యేది. గీత తీసేసి, జారితే అంతేనన్నారు కాబట్టి అది ఊపిరి పోటీ అయింది.

నియమం రాసేవాడి చేతిలో ఎంత ఉందో బాగా తెలిసినవాడు టెర్రీ టాడ్. టెక్సస్ విశ్వవిద్యాలయంలో బలప్రదర్శనల చరిత్ర మీద పరిశోధించిన ఈయన, అమెరికాలోని కొలంబస్‌లో 2002లో మొదలైన ఆర్నాల్డ్ స్ట్రాంగ్‌మ్యాన్ క్లాసిక్‌కు అంశాలు రూపొందించాడు. చురుకుదనం, ఓర్పు గెలిపించే పోటీలు అప్పటికే చాలా ఉన్నాయి, ముడి బలం ఒక్కటే గెలిచే పోటీ కావాలన్నది ఆయన పట్టుదల. అందుకే దూరాలు కుదించి బరువులు పెంచాడు. ఆ పోటీలోని కలప ఫ్రేమ్ మోత చూడండి. బరువైన దుంగలతో కట్టిన దాదాపు 400 కిలోల చట్రం మధ్యలో నిలబడి, స్ట్రాప్‌లు లేకుండా రెండు చేతులతో ఎత్తి, వాలుగా ఉన్న ర్యాంపు మీదికి నడవాలి. చదును నేల మీద మోసేవాడు భౌతికశాస్త్రం లెక్కలో బరువు మీద నికరంగా చేసే పని సున్నా. ఎత్తిన ఎత్తులోనే దించుతాడు. ర్యాంపు పెట్టగానే లెక్క మారుతుంది. మనిషీ చట్రమూ కలిపి 550 కిలోలు, ఎక్కిన ప్రతి మీటరు ఎత్తుకూ దాదాపు 5,400 జౌళ్లు. ఆ శక్తంతా ఒక్కో అడుగులో ఒక్కో కాలు ఒంటరిగా ఇవ్వాలి. నేలను కాస్త వాల్చి, స్ట్రాప్‌లు ఇవ్వనని టాడ్ ఒకే అంశంలో వేళ్లనూ తొడలనూ కలిపి పరీక్షకు పెట్టాడు. బరువు మోతకు రాసిన నియమాల్లో ఇంత తూకంగా రాసినవి తక్కువని నేననుకుంటాను.

నియమాలు తూకం తప్పితే ఏమవుతుందో కూడా ఈ క్రీడ తొలి ఏడాదే చూసింది. 1977లో కాలిఫోర్నియాలోని యూనివర్సల్ స్టూడియోస్‌లో ప్రపంచ బలశాలి పోటీ మొదటిసారి జరిగింది. అందులో ఒక అంశం, ఫ్రిజ్‌ను వీపుకు ఎత్తుకుని పరుగు పందెం. అంతకు ముందు ఏడాదే మిస్టర్ ఒలింపియా గెలిచిన ఫ్రాంకో కొలంబు అందులో పాల్గొన్నాడు. పొట్టివాడు, మహా బలశాలి. పరుగులో అతని కాలు మెలిపడింది. పైనున్న భారమంతా ఆ మోకాలి మీదికి వచ్చి కీలు తప్పింది, టీవీ కెమెరాల ముందే. ఒంటికాలి మీద పరుగు, పైన ఊగే బరువు, తప్పించుకునే దారి లేకపోవడం, మూడూ కలిశాయి. బరువు వీపుకు తగిలించి ఉంది. చేతిలో ఉన్నదైతే వదిలేస్తాడు. వీపున ఉన్నదాన్ని వదలడానికి లేదు.

తర్వాతి తరం మోత సామానును పరిశీలిస్తే ఈ ఒక్క విషయంలో చాలా శ్రద్ధ కనిపిస్తుంది. ఫార్మర్స్ పిడులు వేళ్లు తెరిస్తే పడిపోతాయి. పోటీదారు ఊపిరి ఆడక తూలితే హుసాఫెల్ రాయిని ముందుకు వదిలేసి వెనక్కి అడుగేయవచ్చు. యోక్‌లో మాత్రం మనిషి బరువు కిందే ఉంటాడు కాబట్టి జాగ్రత్తను కొలతలోనే పెట్టారు. పోటీకి ముందు ఒక్కో పోటీదారు ఎత్తును బట్టి అడ్డకమ్మీని పైకో కిందికో జరిపి పిన్ను బిగిస్తారు. అతను కమ్మీ కింద నిటారుగా నిలబడితే స్తంభాల అడుగు నేలకు కొన్ని అంగుళాల పైన మాత్రమే ఉండాలి. మరీ తక్కువైతే ఊగినప్పుడు నేలకు తగులుతుంది. మరీ ఎక్కువైతే లేవడానికే కాళ్లలో సత్తువ పోతుంది, పడితే ఎత్తు నుంచి పడుతుంది. సరిగ్గా కుదిరితే, దారి మధ్యలో మోకాలు లొంగిన క్షణంలో ఆ నాలుగు క్వింటాళ్లూ అరచేతి వెడల్పంత కిందికి దిగి, సొంత కాళ్ల మీద నిలబడతాయి.